ఆ బాణం గుర్తు ఏ ఊరిని చూపిస్తోంది?

"అమ్మా, మీ కంప్యూటర్లో మన ఊరి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కనిపిస్తాయటగా! కాస్త చూసి చెప్పమ్మా. రేపు పొద్దున బోరు బండి ఇటువైపే వస్తోంది" అని బావగారు ఫోన్ చేశారు. పొయ్యి మీది చారు దించి, చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్లి కూర్చున్నాను. రెండు నిమిషాల్లో చూసి చెప్పేశాను కూడా. "పన్నెండు మీటర్లే బావగారూ!"

ఆ మాట తప్పని తెలిసేసరికి రాత్రయింది. ఈలోగా ఆయన బోరు బండివాళ్లకు ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చేశారు. తప్పు నాదా, నా చేతిలో ఉన్న మౌస్‌దా, తెర మీది బొమ్మదా అన్న తగవు దసరా సెలవులన్నాళ్లూ మా ఇంట్లో నడిచింది. ఆ తగవులో నాకు తెలిసొచ్చిన సంగతులే ఇవి. కంప్యూటర్ గొడవ మనకెందుకని పేజీ తిప్పేయకండి. కరెంటు వాడకం దగ్గర్నుంచి పిల్లల మార్కుల దాకా ఇప్పుడు అన్నీ బొమ్మలుగానే చూపిస్తున్నారు. వాటిని చూసి ఇంట్లో వాళ్లకి చదివి చెప్పాల్సింది చాలాసార్లు మనమే కదా!

తొంభై స్తంభాల బొమ్మ

మా అక్క కూతురు గుంటూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. సెలవులకు మా ఇంటికి వస్తూ తన కాలేజీ ప్రాజెక్టు కూడా వెంట తెచ్చుకుంది. నేను కథలు టైపు చేసుకునే ల్యాప్‌టాప్‌లోనే దాన్ని పెట్టి, "చూడు పిన్నీ, త్రీడీ!" అంది మురిసిపోతూ.

మాచర్ల అనగానే బయటివాళ్లకి నాగార్జునసాగర్ గుర్తొస్తుంది. 1967 ఆగస్టు 4న కాలవలకు నీళ్లు వదిలాక ఈ ప్రాంతం బతుకే మారిందని మా పెద్దవాళ్లు చెబుతారు. నిజమే. కానీ కాలవ నీళ్లు ఎక్కని మెరక పొలాలు ఇక్కడ ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాటికి బోరే దిక్కు. వెల్దుర్తి వైపు మా బావగారి మిరప చేను అలాంటిదే. పాత బోరు సన్నబడిపోయింది. కొత్తది వేయించాలా వద్దా అన్నది ఆయనకు అప్పుతో ముడిపడ్డ ప్రశ్న. బోరులో నీళ్లు పడకపోతే డబ్బు పోవడంతో ఆగదు, ఆ ఏడు చేను మీద పెట్టిన ఆశ కూడా పోతుంది. పల్నాటి మెట్టలో కాపురం చేసినవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

మా అమ్మాయి చేసిన బొమ్మ ఆ నీళ్ల గురించే. తొమ్మిది ఊళ్లు, పదేళ్లు. ఏటా మే నెలలో కొలత బావుల్లో నీళ్లు నేలకి ఎంత దిగువన ఉన్నాయన్న లెక్క. తెర మీద ఒక అరుగు లాంటిది ఉంటుంది. ఎడమ నుంచి కుడికి సంవత్సరాలు. ముందు నుంచి వెనక్కి ఊళ్లు, వరుస వెనక వరుసగా. ఒక్కో ఊరికి ఒక్కో ఏడాదికి ఒక్కో స్తంభం. మొత్తం తొంభై స్తంభాలు, వెయ్యి స్తంభాల గుడి ముందు నిలబడ్డట్టే ఉంది! మౌస్ నొక్కిపట్టి లాగితే అరుగంతా గుండ్రంగా తిరుగుతుంది. ఏదీ నొక్కకుండా బాణం గుర్తుని ఒక స్తంభం మీద ఊరికే నిలిపితే చిన్న పెట్టెలో అంకె కనిపిస్తుంది. ఇలా నొక్కకుండా నిలపడాన్ని 'హోవర్' అంటారట.

నేను చేసింది ఏమిటంటే, పక్కన రాసి ఉన్న ఊళ్ల పేర్లలో బావగారి ఊరు పట్టుకుని, ఆ వరుస వెంబడే కిందటి మే దాకా వెళ్లి, స్తంభం మొదట్లో బాణం పెట్టాను. 12.4 అని వచ్చింది. చదివేశాను. సాయంత్రం సినిమా నుంచి తిరిగొచ్చిన అమ్మాయి చూసి, "అయ్యో పిన్నీ, నువ్వు చదివింది ముందు వరుసలో ఉన్న ఊరిది. పెదనాన్నగారి ఊరు దాని వెనకాల ఉంది" అంది. అసలు అంకె ముప్ఫై దాటి ఉంది.

ఇంకో తమాషా వినండి. వెనక నుంచి తల ఎత్తి కనిపిస్తున్న ఆ పొడుగు స్తంభాన్ని నేను ముందే చూశాను. 'ఎవరి ఊరో గానీ నీళ్లు పుష్కలంగా ఉన్నట్టున్నాయి' అని కూడా అనుకున్నాను. ఆ బొమ్మలో పొడుగంటే లోతు. లోతంటే నీళ్లు దూరం. అది నాకెవరూ చెప్పలేదు, బొమ్మా చెప్పలేదు.

మాస్టారి గొడుగు కొన

"నువ్వు మౌస్ సరిగ్గా పెట్టలేదు" అంది అమ్మాయి. "సరిగ్గానే పెట్టాను, నేను దేన్ని పట్టుకున్నానో నీ బొమ్మే నాకు చెప్పలేదు" అన్నాను నేను. ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుంటే ఏడో తరగతిలో నాగార్జునకొండ వెళ్లిన రోజు గుర్తొచ్చింది.

మాకు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కించారు మమ్మల్ని. ఆ నీళ్ల అడుగునే ఒకప్పటి ఇక్ష్వాకుల రాజధాని ఉంది. ఆనకట్ట కడితే మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు చేశారు. దొరికినవాటిలో కొన్నింటిని కొండ మీదికి, కొన్నింటిని అనుపుకి తరలించారు. కొండ మీది మ్యూజియంలో ఆ మునిగిన లోయ మొత్తాన్నీ చిన్న నమూనాగా చేసి పెట్టారు. ఏ కట్టడం ఎక్కడ ఉండేదో అందులో చూడొచ్చు. ఆలోచిస్తే, మా ప్రాంతంలో నేను చూసిన మొదటి 'త్రీడీ' అదే.

మా సోషల్ మాస్టారు గొడుగు కొనతో అక్కడ ఒకచోటు చూపించి, "ఇదేమిటో చెప్పండర్రా" అన్నారు. నేను ఎదురు పక్కన నిలబడ్డాను. "స్తూపమండీ" అన్నాను. "కాదే, నేను చూపించింది దాని వెనకది" అని నవ్వి, గొడుగు కొనని నమూనా దగ్గరకంటా వంచి, "ఇదీ, ఆటలాడే ప్రాంగణం" అన్నారు. నేను అటు నుంచి ఇటు నడిచొచ్చి చూస్తే నిజమే! నేను నిలబడ్డ చోటు నుంచి గొడుగు కొన ఒకదాని మీద ఉన్నట్టుంది, ఆయన వైపు నుంచి ఇంకోదాని మీద ఉంది.

మర్నాడు కాఫీ తాగుతూ ఇది చెబితే మా అమ్మాయి ఒక్క నిమిషం మాట్లాడలేదు. "పిన్నీ, మా సబ్జెక్టులో అసలు చిక్కు ఇదే" అంది.

రెండు చక్రాలే ఉన్న మౌస్

అది చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. మౌస్‌ని అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన ఊహించారు. 1964 ప్రాంతంలో బిల్ ఇంగ్లిష్ తయారు చేసిన మొదటి మౌస్ చిన్న చెక్క పెట్టెలా ఉండేది. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ మౌస్ వాడకాన్ని జనానికి చూపించారు. ఆ మొదటి చెక్క మౌస్ అడుగున రెండే చక్రాలు. ఒకటి అడ్డంగా కదలికను కొలవడానికి, ఒకటి నిలువుగా కదలికను కొలవడానికి. లోపలికీ బయటికీ కొలిచే మూడో చక్రం లేదు. ఇప్పుడు మనం వాడే మౌస్‌లో అసలు ఆ చక్రాలే లేవు, కింద ఎర్ర దీపం వెలుగుతుంది. అయినా అది చెప్పేది ఆ రెండు దిక్కుల సంగతే. వేలితో తిప్పే పై చక్రం ఉంది కదా అంటారేమో, అది బొమ్మని దగ్గరికీ దూరానికీ జరుపుతుందే గానీ బాణాన్ని లోపలికి తీసుకెళ్లదు.

మరి తెరలో మూడో దిక్కున, లోపల ఉన్న స్తంభాన్ని బాణం ఎలా పట్టుకుంటుంది? మన కన్ను దగ్గర మొదలై, బాణం కొన మీదుగా లోపలికి ఒక దారం లాగినట్టు కంప్యూటర్ లెక్క వేసుకుంటుందట. ఆ దారం మొట్టమొదట దేనికి తగిలితే అదే మనం అడిగిన వస్తువని అనుకుంటుంది. దాని వెనక మనకి కావలసింది ఉన్నా దానికి పట్టదు. తలుపు తీసినవాళ్లే ఇంటి యజమాని అనుకున్నట్టు! మ్యూజియంలో అయితే నేను నడిచి పక్కకి వెళ్లగలిగాను, మాస్టారు గొడుగు వంచగలిగారు. తెర ముందు కూర్చున్నదానికి నడకా లేదు, వంగడమూ లేదు.

ముందు ఊరు, తర్వాత అంకె

అక్కడి నుంచి ఇద్దరం కలిసి కూర్చున్నాం. ప్రోగ్రాం రాసేది అది. తప్పు పట్టేది నేను. మొదట మార్పించింది ఆ చిన్న పెట్టెని. వట్టి అంకె కాకుండా ముందు ఊరి పేరు, తర్వాత సంవత్సరం, ఆ తర్వాత 'నేల నుంచి ఇన్ని మీటర్ల దిగువన నీళ్లు' అని పూర్తి మాటగా రావాలన్నాను. ఫోన్ ఎత్తినవాళ్లు ఎవరో చెప్పకుండా విషయం చెబితే మనం నమ్ముతామా?

రెండోది, బాణం తగిలిన స్తంభం తెలిసేలా వెలగాలి. దాని అడుగు నుంచి ఊరి పేరు దాకా ఒక గీత, సంవత్సరం దాకా ఒక గీత నేల మీద పడాలి. మిగతావి కాస్త వెలిసిపోవాలి. అప్పుడు చూసేవాళ్లు తాము పట్టుకున్నదెవరినో అంకె చదవకముందే తెలుసుకుంటారు.

మూడోది వెనక వరుసల సంగతి. బీరువాలో అడుగు చీర కావాలంటే పైవి తీసి పక్కన పెడతాం కదా! ఊరి పేరు మీద బాణం నిలిపితే ఆ వరుస ఒక్కటే గట్టిగా కనిపించి, ముందున్నవన్నీ గాజులా పలచబడాలి. అంతే కాదు, పలచబడ్డవాటికి దారం తగలకుండా దాటిపోవాలి. ఇది ముఖ్యం. మొదటిరోజు మా అమ్మాయి రంగు పలచన చేసింది గానీ దారం సంగతి మరిచిపోయింది. కనిపించీ కనిపించని స్తంభాలే బదులు చెబుతుంటే ఇద్దరం నవ్వుకున్నాం.

నాలుగోది నా పట్టుదల. స్తంభాలు పైకి లేవకూడదు, అరుగు కిందికి వేలాడాలి, బావిలో చేద తాడులా. తాడు ఎంత పొడుగైతే నీళ్లు అంత దూరమని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఇది మాత్రం అమ్మాయి వెంటనే ఒప్పుకుంది. "మా సార్ కూడా అనలేదు పిన్నీ" అంది. మీ సార్ ఎప్పుడైనా చేద తోడారో లేదో మరి!

అత్తయ్య చెయ్యి వణికితే

మూడోనాడు మా అత్తయ్యని కూర్చోబెట్టాం. డెబ్బై దాటారు. చెయ్యి కాస్త వణుకుతుంది. ఆవిడ బాణాన్ని స్తంభం దాకా తెచ్చేసరికి అది పక్కకి జారిపోయేది. పెట్టె ఒకసారి వచ్చి, పోయి, మళ్లీ వచ్చి మిణుగురులా ఆడేది. "ఇది నన్ను ఆటపట్టిస్తోందే" అన్నారు.

గురి చిన్నదైనా, దూరమైనా దాన్ని అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే లెక్క కట్టి చూపించారట. సన్నని స్తంభాలు పెట్టి, వాటి మీదే కచ్చితంగా నిలపమనడం మనిషిని శిక్షించడమే. దీనికి టొరంటో విశ్వవిద్యాలయంలో టోవీ గ్రాస్‌మన్, రవీన్ బాలకృష్ణన్ 2005లో చక్కని ఉపాయం చూపారు. బాణాన్ని మొనలా కాక బుడగలా అనుకోమన్నారు. ఆ బుడగ తనకి దగ్గరగా ఉన్న ఒక్క వస్తువు అందేదాకా పెరుగుతుంది, తగ్గుతుంది. అంటే సూటిగా తగలక్కర్లేదు, దగ్గరికి వస్తే చాలు. మా అమ్మాయి ఆ పద్ధతి పెట్టాక అత్తయ్య మొదటిసారే పట్టుకున్నారు. అయితే త్రీడీలో దగ్గరంటే తెర మీద దగ్గరా, లోపల దగ్గరా అన్న తికమక ఉంది. అందుకే ముందు ఊరి వరుస ఎంచుకుని, ఆ వరుసలోనే దగ్గరిది పట్టుకునేలా చేసింది.

పెట్టె మిణుకుమనడం గురించి కూడా దారి దొరికింది. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని రాసుకున్న నియమాలు ఉన్నాయట. వాటిలో 2018లో చేర్చిన ఒకటి సరిగ్గా ఈ హోవర్ గురించే. బాణం పెడితే వచ్చే పెట్టెని వద్దనుకుంటే బాణం కదపకుండానే తీసేయగలగాలి. బాణాన్ని ఆ పెట్టె మీదికి తీసుకెళ్లినా అది పోకూడదు. మనం చదవడం అయ్యేదాకా తనంతట తాను మాయం కాకూడదు. ఇది చదివి వినిపిస్తే, మా అత్తయ్య చెప్పినవీ అవేనని నాకు అనిపించింది. పెట్టె స్తంభం మీదే పడి దాన్ని కప్పేయకుండా తెరలో ఒక మూల స్థిరంగా ఉంచాం. అరుగు తిప్పుతున్నంతసేపూ పెట్టెలు రాకుండా ఆపాం. తిప్పేటప్పుడు మనం దారి వెతుక్కుంటున్నామే గానీ ఎవరినీ పేరు అడగడం లేదు కదా!

వేలికి నీడ లేదు

ఇంత చేశాక మా వారు తన ఫోన్లో తెరిచి, "ఏమీ రావడం లేదే" అన్నారు. నిజమే. మౌస్ బాణం తెర మీద తిరుగుతూ ఆగుతుంది. వేలు అలా ఆగదు. తగలడమో, తగలకపోవడమో రెండే ఉన్నాయి. పైగా మన వేలే బొమ్మని కప్పేస్తుంది. బావగారు చూసేదీ ఫోన్లోనే. అందుకని వేలు ఒకసారి తగిలిస్తే స్తంభం వెలిగి వివరం అలాగే నిలిచి ఉండేలా, ఇంకోచోట తగిలిస్తే అటు మారేలా చేసింది. కంప్యూటర్లోనూ నొక్కితే నిలిచిపోయేలా పెట్టింది. ఒక ఏడాదిని నిలిపి ఉంచి ఇంకో ఏడాదితో పోల్చుకోవచ్చు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

తొమ్మిది చుక్కలు, పది వరుసలు

చివరికి నా మనసులో ఉన్నది అడిగేశాను. "అమ్మడూ, దీనికి అసలు త్రీడీ ఎందుకే?"

నాగార్జునకొండ లోయకి త్రీడీ కావాలి, అక్కడ నిజంగానే కొండ ఉంది, పల్లం ఉంది. ఇస్రో 2009లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన భువన్‌లో కొండలూ లోయలూ అలా చూపడంలో అర్థముంది. కానీ ఊళ్లూ సంవత్సరాలూ అరుగు మీద నిలబడవు కదా! ఒకదాని వెనక ఒకటి దాక్కోవలసిన అగత్యం వాటికి లేదు. వాకిట్లో నాపరాళ్ల మీద తొమ్మిది చుక్కలు, పది వరుసలు ముగ్గు పెట్టినట్టు నేలబారుగా పరిచి, నీళ్లు లోతుకి పోయినకొద్దీ రంగు ముదిరేలా వేస్తే ఏ చుక్కా ఇంకో చుక్కని దాచదు. బాణం ఎక్కడ పెట్టినా అక్కడున్నదే పలుకుతుంది.

మా అమ్మాయి కాస్త నొచ్చుకుంది. "త్రీడీ అయితేనే మార్కులు పిన్నీ" అంది. తర్వాత అదే ఒప్పుకుంది. క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు 1984లో రాసిన పరిశోధన పత్రంలో, ఒకే గీత మీద ఎత్తుపల్లాలు పోల్చడం మనిషి కంటికి తేలికనీ, ఘనపరిమాణాలు, రంగు ముదురు లేతలు పోల్చడంలో పొరపాట్లు ఎక్కువనీ చెప్పారట. "అంటే నీ ముగ్గులో రంగు చూసి అంకె చెప్పడం కూడా కష్టమే" అని నాకు ఒక చురక కూడా అంటించింది. సరే, రంగుతో పాటు చుక్కలోనే అంకె వేయమన్నాను. రాజీ కుదిరింది. త్రీడీ బొమ్మ ఉంది, పక్కనే 'ముగ్గు' అన్న మీట ఉంది. ఒకదానిలో నిలిపిన ఊరు రెండోదానిలోనూ వెలుగుతుంది.

ఇంతకీ బావగారి బోరు ఏమైందంటారా? ఆ రాత్రే ఫోన్ చేసి, "నేను చెప్పింది పక్క ఊరి లెక్క బావగారూ, తప్పైపోయింది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీలేమ్మా, తెల్లారాక చెప్పలేదు, అంతే చాలు" అన్నారు. బోరు ఆపారు. ఐదు వేలూ తిరిగి రాలేదు. ఊరి కొలత బావిలో లోతు ఎంతున్నా మన చేలో బోరు పడుతుందన్న హామీ కాదనీ, చేలో నేలని తెలిసినవాళ్లతో పరీక్ష చేయించాకే వేయించుకోవాలనీ మా అమ్మాయి ఆయనకు విడమరచి చెప్పింది. ఆ మాట బొమ్మ అడుగున పెద్ద అక్షరాలతో రాయించాను.

సెలవులు అయిపోయే ముందురోజు బావగారు వచ్చారు. ఎవరూ ఏమీ చెప్పకుండా ఫోన్ ఆయన చేతికిచ్చి పక్కన కూర్చున్నాం. ఆయన తన ఊరి పేరు మీద వేలు పెట్టారు. వరుస వెలిగింది. ఒక్కో ఏడూ తడుముతూ వెళ్లి ఒకచోట ఆగారు. తాడు అక్కడ అన్నిటికన్నా పొడుగ్గా వేలాడుతోంది. "ఇదీ, ఈ ఏడే మన పాత బావి ఎండింది" అన్నారు. మా అమ్మాయి నా వంక చూసింది. నేను కాఫీ కలపడానికి లేచాను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి బొమ్మలు చేసే పిల్లలుంటే ఒక్కసారి మౌస్ మీ చేతికివ్వమనండి. తెలిసినట్టు నటించకండి. "ఇది ఎవరిది? ఏ ఏడాదిది? వెనకాల ఏముంది?" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మీరు తడబడిన చోటే వాళ్లు దిద్దుకోవలసింది ఉంటుంది.